నొప్పికీ నొప్పికీ మధ్య

కాన్పుల గదిలో 31 ఏళ్లు పనిచేసి రిటైరైన హెడ్ నర్సు పాఠకుల ఉత్తరాలకు ఇస్తున్న జవాబులు

ప్రశ్న: మా కోడలికి నెలలు నిండాయి. డాక్టరమ్మ చెప్పిన తేదీ దాటి నాలుగు రోజులైంది. మా కాలంలో ఆముదం తాగిస్తే తెల్లారేసరికి నొప్పులు వచ్చేవి. ఇప్పుడు తాగించవచ్చా?
– ఒక అత్తగారు, సిద్దిపేట

జవాబు: వద్దు వదినా. ఆముదం పేగుల మీద పనిచేస్తుంది. విరేచనాలు, వాంతులు పట్టుకుని ఒంట్లో నీరు పోతుంది. నొప్పులు తీయాల్సిన రోజుకు దాచుకున్న సత్తువ అంతా ముందురోజే పోగొట్టుకున్నట్టవుతుంది. డాక్టరు ఇచ్చే తేదీ ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి 280 రోజులు లెక్కగట్టింది. సరిగ్గా ఆ రోజే కనేవాళ్లు నూటికి ఐదుగురు కూడా ఉండరు. నాలుగు రోజులు దాటడం జబ్బు కాదు. కాకపోతే తేదీ దాటాక చూద్దాంలే అని ఇంట్లో కూర్చోవద్దు. బిడ్డ గుండె చప్పుడు, ఉమ్మనీరు చూపించుకుంటూ ఉండాలి. 41 వారాలు నిండితే నొప్పులు రావడానికి మందు పెట్టే సంగతి డాక్టరే చూస్తారు. ఈలోపు సాయంత్రం పూట కోడలిని మీ వెంట నాలుగడుగులు నడిపించండి, మధ్యాహ్నం కాసేపు పడుకోనివ్వండి. బిడ్డ బాగా కదులుతోందా అని రోజూ అడగండి.

ప్రశ్న: సిస్టరమ్మకు నమస్కారం. నాకు 24 ఏళ్లు. మొదటి కాన్పు. ఇప్పుడు 35వ వారం నడుస్తోంది. శ్రీమంతం చేసి తల్లిగారింటికి తీసుకొచ్చారు. మాది జగిత్యాలకు 22 కిలోమీటర్ల దూరంలో పల్లె. ఆయన మస్కట్‌లో పనిచేస్తారు. నవంబర్ 5 నుంచి ఇరవై రోజులు సెలవు దొరికింది. నా డెలివరీ తేదీ నవంబర్ 28. ఆయన ఉండగానే బిడ్డ పుట్టాలని మా అత్తమ్మ వాళ్లు పంతులు దగ్గరికి వెళ్లి నవంబర్ 10 పొద్దున 9 గంటల 20 నిమిషాలకు ముహూర్తం పెట్టించారు. మేం చూపించుకునే ప్రైవేటు ఆస్పత్రిలో ఆ టైముకు ఆపరేషన్ చేస్తామన్నారు.

పోయిన వారం స్కానింగులో బిడ్డ మెడకు పేగు ఒక చుట్టు ఉందని రాశారు. అప్పటి నుంచి మా అమ్మకు నిద్ర లేదు. పేగు మెడలో వేసుకుని పుడితే మేనమామకు గండమట. నాకు ఒక్కడే తమ్ముడు, డిగ్రీ చదువుతున్నాడు. రాత్రిపూట గదిలో బీడీలు చుడుతూ అమ్మ ఏడుస్తుంటే నాకు వినిపిస్తుంది. ఆపరేషన్ అయితే పేగు సంగతి కూడా తీరిపోతుందని అంటోంది. నిజం చెప్పాలంటే నాకు నొప్పులంటే చచ్చేంత భయం. మా పెద్దమ్మ బిడ్డ కాన్పుకు వెళ్లినచోట తిట్టారట, తొడ మీద కొట్టారట. ఆపరేషన్ అయితే ఆ బాధ ఉండదు కదా అనిపిస్తుంది. కానీ మనసు ఒప్పుకోవడం లేదు. ఏం చేయను?
– ఒక చెల్లెలు, జగిత్యాల జిల్లా

జవాబు: బిడ్డా, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ముందు మీ అమ్మ సంగతి మాట్లాడతాను. ఆమెకు నిద్రపడితేనే నీకూ పడుతుంది. ఈ భాగం ఆమెకు చదివి వినిపించు.

కడుపులో ఉన్న బిడ్డ ముక్కుతో ఊపిరి పీల్చదు. గాలి, తిండి, అన్నీ ఆ పేగులోంచే వస్తాయి. కాబట్టి మెడకు ఉరి పడినట్టు గొంతు బిగుసుకుంటుందన్న భయం అక్కర్లేదు. పేగు మూరకు కాస్త పైనే పొడుగుంటుంది. లోపలి రక్తనాళాల చుట్టూ జిగురులా మెత్తటి పదార్థం ఉంటుంది, అందుకే తేలిగ్గా నలగదు. నీళ్లలో తిరిగే బిడ్డ ఒకరోజు చుట్టుకుంటుంది, ఇంకోరోజు విప్పుకుంటుంది. నలుగురైదుగురిలో ఒకరు మెడలో పేగుతోనే పుడతారు. తల బయటికి రాగానే నేను చేసే మొదటి పని మెడ దగ్గర వేలు పెట్టి చూడటం. పేగు ఉంటే వేలికి తెలుస్తుంది. వెచ్చగా, జారుతూ, లోపల నాడి కొట్టుకుంటూ ఉంటుంది. వదులుగా ఉంటే మెడలోంచి దండ తీసినట్టు తల మీదుగా తీసేస్తాం. బిగుతుగా ఉంటే అక్కడే రెండు క్లిప్పులు పెట్టి కత్తిరిస్తాం. నొప్పులప్పుడు బిడ్డ గుండె చప్పుడు వింటూనే ఉంటాం. అది పడిపోయి తేరుకోకపోతే అప్పుడు ఆపరేషన్‌కు పంపుతాం. స్కానింగ్ కాగితం మీద ఒక చుట్టు కనిపించినంత మాత్రాన పంపం.

ఇక మేనమామ గండం. ఆ మాట నేనూ చిన్నప్పటి నుంచీ విన్నదే. మా వార్డు వరండాలో నూనె గిన్నె పట్టుకుని నిలబడి, అందులో మేనల్లుడి ముఖం చూసుకుని వెళ్లిన మేనమామలను చాలామందిని చూశాను. అలా పేగు వేసుకుని నా చేతుల మీద పుట్టిన ఒక ఆడపిల్ల పెళ్లికి వెళ్లాను. పిల్లను మంటపానికి ఎత్తుకొచ్చింది ఆ మేనమామే. మీ తమ్ముడు కూడా నూనెలో చూస్తానంటే చూడనివ్వండి, దానివల్ల ఎవరికీ నష్టం లేదు. కానీ అమ్మా, ఆపరేషన్ చేసినా బిడ్డ ఆ పేగుతోనే బయటికి వస్తుంది. మెడలో ఉన్నది మెడలోనే ఉంటుంది. దానికోసం కూతురి కడుపు కోయించడం ఎందుకు?

నవంబర్ 10 అంటే నీకు 37 వారాల 3 రోజులు. ఆ చివరి వారాలు ఊరికే గడిచేవి కావు. ఊపిరితిత్తులు పాకానికి వచ్చేది అప్పుడే. నొప్పులు రాకుండా, 39 వారాలు నిండకుండా కోసి తీసిన బిడ్డల్లో ఆయాసం ఎక్కువ. పుట్టిన కాసేపటికే ముక్కుపుటాలు ఎగరేస్తూ, డొక్కలు లోపలికి లాగుతూ, సన్నగా మూలుగుతుంటారు. చాలామంది రెండు మూడు రోజుల్లో తేరుకుంటారు, ఆ మాట కూడా చెప్పాలి. కానీ ఆ రెండు మూడు రోజులూ తల్లి ఒకచోట, బిడ్డ గాజుపెట్టెలో ఒకచోట. ముహూర్తం చూసి తీసిన బిడ్డను తండ్రి అద్దంలోంచి చూసి వెళ్లిన రోజులు నాకు తెలుసు.

ఆపరేషన్ చెడ్డదని నేను అనను. నా రెండో కాన్పు ఆపరేషనే. మాయ కిందికి ఉండి అడ్డుపడింది. ఆ డాక్టరమ్మ చేతులకు ఇప్పటికీ దండం పెట్టుకుంటాను. బిడ్డ అడ్డం తిరిగినా, బీపీ అదుపులోకి రాకపోయినా, గుండె చప్పుడు పడిపోతున్నా ఆపరేషన్ రెండు ప్రాణాలు నిలబెడుతుంది. నాకు బాధ కలిగేది అవసరం లేనిచోట చేయడం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్లే అని తేలింది. దేశం మొత్తం మీద 21.5. మన ఆడవాళ్లను వేరే మట్టితో చేయలేదు కదా.

ఆపరేషన్ అయితే నొప్పి ఉండదనుకుంటున్నావు. రెండూ పడినదాన్ని, నా మాట విను. కుట్లతో దగ్గడానికి పొట్టకు దిండు అదుముకునేదాన్ని. పాలకోసం బిడ్డ ఏడుస్తుంటే పక్కకు ఒత్తిగిలడానికి ఇంకొకరి చెయ్యి కావలసి వచ్చేది. మొదటి కాన్పు మర్నాటికి మాత్రం నేనే లేచి బట్టలు మడతపెట్టుకున్నాను. పైగా ఒకసారి గర్భసంచి మీద కోత పడితే తర్వాతి కాన్పుకు ఆ మచ్చ సంగతి చూసుకోవాలి. మాయ ఆ మచ్చకు అంటుకుంటే ఇబ్బంది పెద్దదవుతుంది.

అందుకే డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లు, ఈసారి మీ అత్తమ్మను కూడా వెంటబెట్టుకుని. నాకు ఆపరేషన్ ఎందుకు కావాలి, 39 వారాలు నిండేదాకా ఆగితే ఏమవుతుంది, నొప్పులు వచ్చేదాకా చూస్తే ఏమవుతుంది అని అడుగు. ఒంటికి సంబంధించిన కారణం చెప్తే విను, వాదించవద్దు. ముహూర్తం, పేగు చుట్టు తప్ప ఇంకో కారణం లేకపోతే ప్రభుత్వ మాతాశిశు ఆస్పత్రిలో ఇంకోసారి చూపించుకో. అక్కడ కాన్పు, అవసరమైతే ఆపరేషన్, మందులు అన్నీ ఉచితం. మన దగ్గర 2017లో కరీంనగర్‌లో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ, అంటే మామూలు కాన్పులు చేసే శిక్షణ మొదలైంది. అలా తయారైన అమ్మాయిలు ఇప్పుడు చాలాచోట్ల ఉన్నారు. నొప్పులప్పుడు నడిపిస్తారు, బంతి మీద కూర్చోబెడతారు, పక్కకు తిప్పి పడుకోబెడతారు. నా కాలంలో మేం వెల్లకిలా పడుకోబెట్టి ముక్కమని అరవడమే నేర్చుకున్నాం.

మీ ఆయన సెలవు మార్చుకోగలరేమో అడుగు. నవంబర్ 20 నుంచి డిసెంబర్ 10 దాకా అయితే నీ తేదీకి అటూ ఇటూ రోజులు కలిసివస్తాయి. టికెట్ మార్చినందుకు కొంత ఖర్చవుతుంది, కంపెనీ ఒప్పుకోవాలి, తెలుసు. ఒప్పుకోకపోతే నొప్పుల రోజుకు కాకుండా ఇరవై ఒకటో రోజు తొట్టెలకు వచ్చేలా చూసుకున్నా మంచిదే.

ఇక నీ భయం. మీ పెద్దమ్మ బిడ్డ అబద్ధం చెప్పలేదు. 1991లో నా మొదటి కాన్పు. అప్పటికే నేను నర్సును, నాలుగేళ్ల సర్వీసు. అయినా ఆ రాత్రి నేను అరిస్తే ఒక పెద్దావిడ, "మొగుడి దగ్గరికి పోయినప్పుడు తెలియలేదా?" అంది. బిడ్డ పుట్టిన సంతోషం కన్నా ఆ మాట ఎక్కువ రోజులు గుర్తుండిపోయింది. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. రాత్రి డ్యూటీలో ఒక్కదాన్నే ఉండి అన్ని మంచాలూ నిండినప్పుడు నా నోటి నుంచీ గద్దింపులు వచ్చాయి. ఆ ముఖాలు ఇప్పటికీ కళ్లముందు ఉన్నాయి. వాళ్లకు క్షమాపణ చెప్పుకోలేను కాబట్టి నీకు జాగ్రత్త చెప్తున్నాను. ఒంటరిగా లోపలికి వెళ్లకు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాన్పు గదిలో తోడుగా ఒక ఆడమనిషిని ఉండనివ్వాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లోనే చెప్పింది. ఏ ఆస్పత్రికి వెళ్లినా ముందే అడిగిపెట్టుకో. మీ అమ్మ ఏడ్చే మనిషైతే పెద్దమ్మను తీసుకెళ్లు. కాన్పు చూసిన మనిషి, గొంతు పెంచని మనిషి కావాలి.

నొప్పుల గురించి నాకు తెలిసిందంతా నేను గాజుల దగ్గర నేర్చుకున్నాను. శ్రీమంతం గాజులు చేతినిండా వేసుకుని వస్తారు. నొప్పి వచ్చినప్పుడు మంచం కమ్మీ గట్టిగా పట్టుకుంటారు. గాజు చిట్లి మణికట్టు గీసుకుంటుంది. అందుకని సబ్బునీళ్లు రాసి ఒక్కొక్కటే తీసేదాన్ని. నొప్పి ఉన్నప్పుడు తీయలేం. చెయ్యి బిగుసుకుపోయి ఉంటుంది. ఆగాలి. నొప్పి దిగిపోగానే వేళ్లు వాటంతటవే వదులవుతాయి, అప్పుడు మూడు గాజులు వస్తాయి. మళ్లీ ఆగాలి. రెండు చేతులూ ఖాళీ అయ్యేసరికి ఏడెనిమిది నొప్పులు దాటిపోయి ఉండేవి. ఆమె లెక్కపెట్టుకునేదే కాదు. మంచి జోరు మీద ఉన్నప్పుడు కూడా నొప్పి మూడు నిమిషాలకోసారి వచ్చి ఒక నిమిషం ఉంటుంది. గంటలో ఇరవై నిమిషాలు నొప్పి, నలభై నిమిషాలు విరామం. చాలామంది ఆ నలభై నిమిషాలు కూడా వచ్చే నొప్పికి భయపడుతూ బిగుసుకునే గడుపుతారు. అలసట అక్కడే. నొప్పి ఎక్కుతున్నప్పుడు నోటితో పొడుగ్గా ఊపిరి వదులు, దిగగానే పెదవులు, భుజాలు, అరచేతులు వదిలెయ్యి. ఇప్పటి నుంచే రోజూ పడుకునేముందు పది నిమిషాలు ఇది చేసి చూడు.

దొంగ నొప్పులు వచ్చిపోతుంటాయి. నడిస్తేనో పడుకుంటేనో తగ్గిపోతాయి. నిజం నొప్పులు నడుము నుంచి ముందుకు వస్తాయి, తగ్గవు, దగ్గరపడతాయి. ఐదు నిమిషాలకోసారి, నిమిషంపాటు, గంటసేపు అలాగే వస్తుంటే బయల్దేరాలి. మీది 22 కిలోమీటర్లు కాబట్టి ఇంకాస్త ముందే 108కి ఫోన్ చేయండి. ఉమ్మనీరు పోయినా, నెత్తురు కనిపించినా, నొప్పుల కోసం చూడకుండా వెళ్లాలి. ఆ నీరు ఆకుపచ్చగా ఉంటే మరీ తొందర. విపరీతమైన తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం చేతులు ఉబ్బడం, పొట్ట పైభాగంలో నొప్పి, అరచేతులు అరికాళ్లు ఒకటే దురద – వీటిలో ఏది వచ్చినా అదే రోజు చూపించుకో.

అన్నిటికన్నా ముఖ్యం కదలికలు. నెలలు నిండాక బిడ్డ కదలడం తగ్గుతుందని మనవాళ్లు అంటారు, అది తప్పు. జాగా తగ్గి తన్నే తీరు మారుతుందే గాని లెక్క తగ్గదు. రోజూ అన్నం తిని ఎడమవైపు తిరిగి పడుకుని లెక్కపెట్టు. రెండు గంటల్లో పది కదలికలు రావాలి. రాకపోతే తెల్లారనిద్దాం అనుకోకు. ఆ తెల్లారనివ్వడంవల్ల బిడ్డలను పోగొట్టుకున్న తల్లులను నేను పట్టుకుని కూర్చున్నాను.

ఉత్తరంలో ఒక మాట నా మనసులో పడింది. అమ్మ బీడీలు చుట్టేది నువ్వు పడుకునే దగ్గరలోనే కదా. ఈ నెలన్నర, బిడ్డ పుట్టాక కూడా, ఆ చాట వరండాలోకి మార్చమను. తంబాకు గాలి, దుమ్ము నీకు గాని బిడ్డకు గాని మంచివి కావు. చుట్టిన చేతులు సబ్బుతో కడుక్కున్నాకే బిడ్డను ఎత్తుకోవాలి. పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టు. తేనె, చక్కెర నీళ్లు ఎవరు తెచ్చినా వద్దను.

37వ వారం వచ్చేసరికి సంచి సర్ది తలుపు పక్కన పెట్టుకో. ఉతికి ఎండేసిన పాత నూలు చీరలు రెండు, ముందు బొత్తాలున్న నైటీలు, ప్యాడ్లు, చెప్పులు, ఫ్లాస్కు, చార్జరు, తల్లీబిడ్డ కార్డు, స్కానింగ్ కాగితాలు, ఆధార్. మీ గ్రూపు రక్తం ఇవ్వగలవాళ్లు ఇద్దరి ఫోన్ నంబర్లు ఒక కాగితం మీద రాసి కార్డులో పెట్టు. తమ్ముడిది అదే గ్రూపైతే వాడినే ముందు రాయి. గాజులు తీసి వేసుకోవడానికి ఒక చిన్న గుడ్డసంచి కూడా మరిచిపోకు.