ఫ్లోరెన్స్‌లో డూమో గుమ్మటం ఎక్కాలా, పక్కనున్న జొట్టో టవర్ చాలా?

ఇటలీ ట్రిప్‌లో ఫ్లోరెన్స్‌కు ఒక్కరోజే ఉంది, అక్కడి పెద్ద చర్చి డూమో గుమ్మటమా, దాని గంటల టవరా, ఏటా అలిపిరి మెట్లెక్కే అమ్మ ఇక్కడ ఎక్కగలదా అని అడిగారు. నేను రెండూ ఎక్కాను. మీకు ఒకటే వీలైతే గుమ్మటమే ఎక్కండి. అమ్మగారి సంగతి వేరు, అది తర్వాత చెబుతాను.

ఊరి ఫోటోలో ఆ ఎర్ర గుమ్మటం పడాలంటే టవరే నయం. గుమ్మటం మీద నిలబడినవాళ్లకు గుమ్మటం ఎలాగూ కనిపించదు. అయినా దాన్నే ఎక్కమంటున్నది పైకి వెళ్లే దారి కోసం. ఆ దారి అంతా కట్టడం లోపల్నుంచే పోతుంది.

మామూలుగా పెద్ద ఆర్చి కట్టాలంటే కింద చెక్కతో సెంట్రింగ్ పెట్టి, ఆరాక తీసేస్తారు. ఈ గుమ్మటం లోపలి వెడల్పే దాదాపు 45 మీటర్లు. కంసాలి పనిలో శిక్షణ పొందిన బ్రునెల్లెస్కి 1420లో పని మొదలుపెట్టి, కింద నుంచి అలాంటి సెంట్రింగ్ లేకుండానే 1436 నాటికి గుమ్మటం మూసేశాడు. లోపల ఒక పొర, బయట ఒక పొర, మధ్యలో ఖాళీ. ఇటుక వరసల నడుమ అక్కడక్కడ ఇటుకల్ని నిలువుగా పెట్టి, చేపముల్లు అల్లికలో పైకి తీసుకెళ్లాడు. దాంతో సున్నం ఆరకముందే కూడా ఇటుకలు లోపలికి జారేవి కావు. ఒక్కో చుట్టు పూర్తికాగానే తన బరువు తానే మోసేది. మనం ఎక్కేది ఆ రెండు పొరల మధ్య నుంచే. ఆ ఇటుకలు భుజానికి తగిలేంత దగ్గర్లో ఉంటాయి, గోడ వాలుతున్నకొద్దీ మనమూ వాలుతాం. ఆరు వందల ఏళ్ల కిందటి మేస్త్రీల పనిని ఇంత దగ్గరగా చూసే అవకాశం నాకు ఇంకెక్కడా దొరకలేదు.

సగం దాటాక గుమ్మటం లోపలి అంచు మీదకు వస్తారు. తల పైన అంతిమ తీర్పు (లోకం ముగిసేటప్పుడు దేవుడిచ్చే తీర్పు అని క్రైస్తవుల నమ్మకం) చిత్రం ఉంటుంది. వసారి 1572లో మొదలుపెడితే, ఆయన పోయాక జుక్కారి 1579లో పూర్తిచేశాడు. కింద నుంచి చిన్నగా కనిపించిన ఆ బొమ్మలు దగ్గరికొస్తే భారీగా ఉంటాయి. అక్కడ మెడనొప్పి పట్టించుకోకుండా నిదానంగా చూడండి. చివరి మెట్లు బాగా నిటారు. పైకి రాగానే పక్కనే టవర్, వెక్కియో ప్యాలెస్, శాంతా క్రోచె చర్చి, ఆకుపచ్చ గుమ్మటంతో యూదుల ప్రార్థనా మందిరం, దూరంగా ఫియెసోలె కొండలు కనిపిస్తాయి. వాటి మధ్య అన్నీ పెంకుటిళ్లే.

ఇక అమ్మగారి విషయం. మెట్లు 463, లిఫ్ట్ లేదు. అలిపిరిలో మూడు వేలకు పైగా మెట్లున్నా, అలసిపోతే పక్కకు కూర్చుని మంచినీళ్లు తాగొచ్చు. ఇక్కడ ఆ వీలు తక్కువ. ఇరుకు దారి, వెనకాల జనం, ఆగితే అందరూ ఆగాలి. గుండె జబ్బు, తల తిరగడం, ఇరుకులో ఊపిరాడని భయం ఉన్నవాళ్లు వద్దనే నా మాట. మోకాళ్లు బాగుండి, ఇరుకంటే టెన్షన్ లేకపోతే ఎక్కగలరు. అనుమానంగా ఉంటే ఆవిడను టవర్‌కు తీసుకెళ్లండి. అక్కడా 414 మెట్లు, లిఫ్ట్ లేదు. కానీ మధ్యలో విశాలమైన అంతస్తులు వస్తాయి, ఎక్కినంతవరకు ఎక్కి అక్కడ్నుంచే ఊరు చూసి దిగిపోవచ్చు. పైన రక్షణ వల అడ్డంగా ఉంటుంది, ఫోటోలకు అదొక్కటే ఇబ్బంది.

గుమ్మటానికి టైమ్ స్లాట్ ముందే బుక్ చేసుకోవాలి. అప్పటికప్పుడు దొరుకుతుందని నమ్ముకోవద్దు. బ్రునెల్లెస్కి పాస్ తీసుకుంటే గుమ్మటం, టవర్, డూమో మ్యూజియం అన్నీ అందులోనే వస్తాయి. ఎండాకాలమైతే పొద్దున్న స్లాటే మేలు, లోపల గాలి తక్కువ. పెద్ద బ్యాగులు రానివ్వరు, భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. దిగాక ఓపికుంటే మ్యూజియంలో ఆనాటి చెక్క నమూనాలు చూడండి. గుమ్మటం ఎక్కాక చూస్తేనే అవి బాగా అర్థమవుతాయి.