37 వేల ఫెలోషిప్‌తో 20 ఏళ్ల పాలసీ కట్టొచ్చా?

ప్రశ్న: నా వయసు 24. ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ అయ్యాక సీఎస్‌ఐఆర్ (కేంద్ర శాస్త్ర పరిశోధన మండలి) ఇచ్చే జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చి, హైదరాబాద్‌లో పీహెచ్‌డీలో చేరాను. ఫెలోషిప్ నెలకు రూ.37,000. హాస్టల్, మెస్, చేతి ఖర్చులు 14,000, ఇంటికి 7,000, చదువు రుణం ఈఎంఐ 6,000 పోతే 10 వేలు మిగులుతాయి. అందులో నెలకు 5 వేలతో 20 ఏళ్ల ఎండోమెంట్ పాలసీ (బీమా, పొదుపు కలిసినది) తీసుకోమని, ట్యాక్స్ కూడా కలిసొస్తుందని ఏజెంటుగా ఉన్న మా బాబాయి అంటున్నారు. తీసుకోనా? - ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వద్దండి. ముందు ట్యాక్స్ సంగతి తేల్చేద్దాం. చదువు కోసం ఇచ్చే స్కాలర్‌షిప్‌కు ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది. ఆ మాట పక్కన పెట్టినా, ఏడాదికి వచ్చే రూ.4.44 లక్షల మీద కొత్త పన్ను విధానంలో మీరు కట్టాల్సిన పన్ను సున్నా. కట్టని పన్నులో మిగుల్చుకునేదేముంది?

అసలు ఇబ్బంది 20 ఏళ్ల దగ్గరే ఉంది. మీ దారిలో ఆదాయం ముక్కలు ముక్కలుగా వస్తుంది. జేఆర్‌ఎఫ్ రెండేళ్లు, తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్‌గా (సీనియర్ రీసెర్చ్ ఫెలో) రూ.42,000 చొప్పున మూడేళ్లు. అయిదేళ్లకు ఫెలోషిప్ ఆగిపోతుంది, థీసిస్ మాత్రం ఆగదు. లైఫ్ సైన్సెస్‌లో ఒక ప్రయోగం తిరగబడితే ఆరు నెలలు గల్లంతే, కాబట్టి ఆరో ఏడు పడటం మామూలే. వైవా అయ్యాక పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన కొలువు), అదీ కాంట్రాక్టే. సీఎస్‌ఐఆర్‌లో సైంటిస్ట్ పోస్టుకు మూల వేతనం రూ.67,700. వయోపరిమితి 32 ఏళ్లు (ఓబీసీలకు 3, ఎస్సీ, ఎస్టీలకు 5 ఏళ్ల సడలింపు). అంటే పీఎఫ్, పింఛను లాంటివి మీ దాకా వచ్చేసరికి ముప్పై దాటొచ్చు. ఇలాంటప్పుడు ప్రతి నెలా తప్పక కట్టాల్సిన ప్రీమియం మెడకు గుదిబండే. మధ్యలో ఆపితే కట్టిందంతా తిరిగి రాదు.

ఇంకో తలనొప్పి, ఫెలోషిప్ ఒక్కోసారి నెలల తరబడి ఆలస్యమవుతుంది. మెస్ బిల్లు, ఈఎంఐ ఆగవుగా! మీ నెల ఖర్చు 27,000. ఆరు నెలలకు రూ.1.62 లక్షలు. మిగిలే పది వేలూ వేరే బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ చేస్తే ఏడాదిన్నర లోపే అది సమకూరుతుంది. అప్పటిదాకా సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టుబడి) కూడా వద్దు. ల్యాబ్‌లో స్నేహితులు పెడుతున్నారని టెన్షన్ పడకండి.

ఆ తర్వాత సగం చదువు రుణానికి అదనంగా కట్టండి, సగం ఆరో ఏడు కోసం దాచండి. ఎస్‌ఆర్‌ఎఫ్‌లో పెరిగే 5 వేలతో ఇండెక్స్ ఫండ్‌లో (షేర్ మార్కెట్ సూచీని అనుసరించే మ్యూచువల్ ఫండ్) సిప్ మొదలుపెట్టొచ్చు. పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్) ఖాతా మాత్రం ఇప్పుడే తెరవండి. ఏడాదికి రూ.500 కడితే చాలు, 15 ఏళ్ల గడువు ఖాతా తెరిచిన ఆర్థిక సంవత్సరం ముగిసినప్పటి నుంచి లెక్కలోకి వస్తుంది. ఇంట్లో అమ్మానాన్నలకు ఆరోగ్య బీమా లేకపోతే ఎండోమెంట్ కన్నా ముందు చూడాల్సింది అదే.

బాబాయి మాట కాదనలేక ఇప్పటికే సంతకం పెట్టేసి ఉంటే, పాలసీ పత్రం చేతికందిన 30 రోజుల్లోపు వెనక్కి ఇచ్చేయొచ్చు. స్టాంపు ఖర్చు, ఆ కొద్ది రోజుల బీమా రుసుము లాంటివి పట్టుకుని మిగతా డబ్బు ఇచ్చేస్తారు.