డైవర్ అంటే మీ అమ్మకు గుర్తొచ్చేది వేరు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాకు 24 ఏళ్లు. రెండేళ్ల కిందట హోటల్ ఉద్యోగానికని అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవికి వెళ్లాను. అక్కడ స్కూబా డైవింగ్, అంటే గాలి సిలిండర్ వీపున కట్టుకుని నీటి అడుగుకు దిగడం నేర్చుకుని, రెస్క్యూ డైవర్ అనే స్థాయి దాకా వచ్చాను. 46 డైవ్‌లు అయ్యాయి. ఇప్పుడు కొత్తవాళ్లను వెంట తీసుకుని దిగే డైవ్ మాస్టర్ ట్రైనింగ్‌లో చేరి, ఇదే వృత్తిగా పెట్టుకోవాలని ఉంది. ఇంట్లో మాత్రం ఇంకా హోటల్లోనే ఉన్నానని చెబుతున్నా. నా చిన్నప్పుడు మా మేనమామ వశిష్ఠ పాయలో మునిగి చనిపోయాడు. అప్పటి నుంచి అమ్మ గోదారి రేవు మొహం చూడలేదు. హోటల్ మేనేజ్‌మెంట్ కోర్సు అని చెప్పి నాన్న దగ్గర ఫీజు డబ్బులు తీసుకుందామనుకుంటున్నా. ఇంకో టెన్షన్ కూడా ఉంది. పదకొండేళ్లు వచ్చేదాకా నాకు ఆయాసం, పిల్లికూతలు ఉండేవి. ఈ ట్రైనింగ్‌కు డాక్టర్ సంతకం కావాలి. ఆ సంగతి ఎత్తకపోతే సంతకం పెట్టేస్తారని ఒక సీనియర్ అన్నాడు. కోర్సు పూర్తయ్యాక ఇంట్లో చెబితే సరిపోతుందా?

జవాబు: సరిపోదు బాబూ. నువ్వు ఇంట్లో ఒకటి దాస్తున్నావు, డబ్బు దగ్గర ఒకటి, డాక్టర్ దగ్గర ఒకటి దాద్దామనుకుంటున్నావు. మూడోది ప్రాణంతో పని కాబట్టి ముందు దాని గురించే మాట్లాడతాను.

నీళ్లలో పది మీటర్లు దిగేసరికి ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపవుతుంది. అక్కడ గుండెల నిండా పీల్చిన గాలిని వదలకుండా పైకి వస్తే అది రెండింతలుగా ఉబ్బుతుంది. ఊపిరి బిగపట్టొద్దని నీకు మొదటి రోజే చెప్పి ఉంటారు. ఆయాసం ఉన్న మనిషి బిగపట్టకపోయినా, సన్నబడిన ఊపిరి గొట్టాల వెనక గాలి ఇరుక్కుపోవచ్చు. ఆ గాలి ఉబ్బి ఊపిరితిత్తి చిరిగితే, బుడగలు రక్తంలో కలిసి మెదడు దాకా వెళ్లొచ్చు. నీ సీనియర్‌కు ఇది తెలియదనుకోను. తెలిసీ అలా చెప్పాడంటే, అతని మాట నువ్వు ఇంకెక్కడా వినొద్దు.

చిన్నప్పుడు ఆయాసం ఉండి, తర్వాత తగ్గిపోయినవాళ్లందరినీ డైవింగ్ మానేయమనరు. ఛాతీ డాక్టర్ మిషన్‌లోకి గట్టిగా ఊదించి చూస్తారు. పరుగెత్తించో, సైకిల్ తొక్కించో మళ్లీ ఊదిస్తారు. ఊపిరితిత్తులు బాగున్నాయని తేలితే ఆయనే ధైర్యంగా సంతకం పెడతారు. ఇంకో సంగతి ఆలోచించు. డైవ్ మాస్టర్ అయ్యాక నీ వెనక నలుగురు కొత్తవాళ్లు దిగుతారు. లోపల నీకే ఊపిరి ఆడకపోతే వాళ్లను పైకి తెచ్చేదెవరు? డాక్టర్ వద్దంటే మాత్రం ఆ ట్రైనింగ్ ఆపెయ్యాలి. ఇన్నాళ్లు కష్టపడ్డాక ఆ మాట వినడం ఎంత బాధో నేను ఊహించగలను. అయినా ఆపెయ్యాలి.

ఇక అమ్మ సంగతి. మేనమామ పోయినప్పుడు నువ్వు చిన్నవాడివి. ఆ రోజులు ఆవిడకు ఎలా గడిచాయో నీకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పి ఉండరు. మన గోదారి జిల్లాల్లో ఎవరైనా మునిగితే ముందు పడవలు వస్తాయి, తర్వాత గజ ఈతగాళ్లు వస్తారు. ఇంటివాళ్లు గట్టు మీద కూర్చుని, వాళ్లు తల పైకెత్తినప్పుడల్లా చేతుల్లో ఏముందా అని చూస్తారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పుడు ఇదంతా టీవీలో వారాల తరబడి చూశాం. ధర్మాడి సత్యం గారి బృందం అక్టోబరు 22న ఆ బోటును బయటికి తీసేదాకా ఎన్నో కుటుంబాలు ఎదురుచూశాయి. నీకు డైవర్ అంటే పగడాలు, తాబేళ్లు, నీలం నీళ్లు. మీ అమ్మకు డైవర్ అంటే తన తోబుట్టువును వెతకడానికి వచ్చిన మనిషి. ఆ పనికి నువ్వు వెళ్తున్నావని ఏ బంధువు ద్వారానో, ఫోన్లో వచ్చిన ఏ వీడియో ద్వారానో ఆవిడకు తెలియకూడదు. నువ్వు కిందికి దిగిపోతున్న వీడియో ఒక్కటి కూడా పంపకు.

మనిషివి ఇంటికి రా. వానాకాలం మొదలయ్యాక అక్కడ సముద్రం పోటెత్తి పని తగ్గుతుంది కదా, కాలవలకు నీళ్లు వదిలే ఆ రోజుల్లోనే రా. ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పు. "రెండేళ్లు మీకు అబద్ధం చెప్పానమ్మా" అన్న మాట ముందు రావాలి, డైవింగ్ తర్వాత. ఆవిడ ఏడుస్తుంది, ఏడవనీ. "మామయ్య దగ్గర ఏం జరిగింది?" అని అడుగు. ఇన్నేళ్లలో ఆవిడను ఆ మాట అడిగినవాళ్లు ఉన్నారో లేదో నాకు అనుమానమే.

వీలైతే సిలిండర్ గాలిని నోటికి అందించే నీ రెగ్యులేటర్ వెంట తెచ్చుకో. దానికి పసుపు రంగు గొట్టంతో ఇంకో నోటిముక్క ఉంటుంది కదా, దాన్ని ఆవిడ చేతిలో పెట్టు. పక్కవాడికి గాలి అయిపోతే ఇచ్చేది ఇదేనని చెప్పు. అలసిపోయిన మనిషిని వంద మీటర్లు లాక్కొచ్చే పరీక్ష రాబోయే ట్రైనింగ్‌లో ఉందని చెప్పు. మీ తోటలో కొబ్బరి దింపు తీసేవాళ్లను ఆవిడ రోజూ చూస్తూనే ఉంది. బందం తాడు సరిచూసుకోకుండా ఎవరూ చెట్టెక్కరని ఆవిడకు తెలుసు. నువ్వు దిగే ముందు ఏమేం సరిచూసుకుంటావో ఆ భాషలో చెబితే ఆవిడకు అర్థమవుతుంది. భయం పోతుందని నేను చెప్పను.

నాన్నకు మాత్రం కష్టమైన సంగతులు కూడా చెప్పు. ట్రైనింగ్‌లో ఉన్నన్నాళ్లు చాలా చోట్ల జీతం ఉండదు. డైవ్ మాస్టర్ సర్టిఫికెట్‌కు కనీసం 60 డైవ్‌లు ఉండాలి, ఇన్‌స్ట్రక్టర్ కావాలంటే 100. వరసగా డైవ్‌లు చేసిన మనిషి కనీసం 18 గంటల దాకా విమానం ఎక్కకూడదు కాబట్టి, ఇంట్లో అత్యవసరమై కబురు చేసినా వెంటనే బయలుదేరలేకపోవచ్చు. నీళ్లలో ఉన్నప్పుడు ఫోన్ కలవదు, రోజూ చివరి డైవ్ అయ్యాక ఏ టైముకు చేస్తావో ఒక మాట అనుకోండి. మన ప్రాంతంలో డైవర్ అనగానే "రిగ్గుల మీద లక్షలొస్తాయట" అనేవాళ్లుంటారు. చమురు రిగ్గుల దగ్గర డైవింగ్ వేరే ఉద్యోగం, దాని శిక్షణ వేరు, నీ సర్టిఫికెట్‌తో ఆ పని ఇవ్వరు. ఇవన్నీ విన్నాక నాన్న కొబ్బరి డబ్బు ఇస్తే తీసుకో. ఇవ్వనంటే ఇంకో సీజన్ హోటల్లో పనిచేసి కూడబెట్టుకో. ఆ దీవి ఎక్కడికీ పోదు.

ఛాతీ డాక్టర్ దగ్గరికి కాకినాడ వెళ్తావో, రాజమండ్రి వెళ్తావో గానీ, అమ్మకు అంతా చెప్పాకే వెళ్లు. రానంటే బలవంతం చేయకు, వస్తే వెంట తీసుకెళ్లు. పిల్లికూతలు ఏ నెలల్లో ఎక్కువయ్యేవో, ఎన్ని రాత్రులు నిన్ను భుజాన వేసుకుని కూర్చుందో, ఏ ఏడు ఆగిపోయాయో డాక్టర్ అడిగితే సరిగ్గా చెప్పగలిగేది ఆవిడే.