డయాలసిస్‌లో ఉన్నవారికి చుట్టూ ఉన్నవాళ్లు ఎలా తోడుగా ఉండొచ్చు?

ముందు వాళ్ల వారం ఎలా గడుస్తుందో తెలుసుకోండి. ఆసుపత్రిలో చేసే హీమోడయాలసిస్ (యంత్రంతో రక్తాన్ని శుద్ధి చేయడం) సాధారణంగా వారానికి 3 సార్లు, ఒక్కోసారి దాదాపు 4 గంటలు. అయ్యాక ఒళ్లంతా నీరసం, ఒక్కోసారి బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. అందుకే నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద సాయం, వెంట ఉండి ఇంటికి తీసుకొచ్చే మనిషి. నలుగురు వంతులు వేసుకుంటే ఇంట్లోవాళ్లకూ కాస్త తెరిపి దొరుకుతుంది. "ఏమైనా కావాలంటే చెప్పండి" అంటే చాలామంది మొహమాటంతో అడగరు. "గురువారం నేను వస్తాను" అనండి.

చూడటానికి వెళ్లినప్పుడు నీళ్లు, జ్యూస్ తాగమని బలవంతం చేయొద్దు. మూత్రం తగ్గిపోయినవాళ్లకి తాగిన నీరు ఒంట్లోనే చేరి కాళ్ల వాపు, ఆయాసం వస్తాయి. పళ్లరసాల వల్ల పొటాషియం బాగా పెరిగితే గుండె లయ తప్పుతుంది. ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చేత్తో బరువులు మోయనివ్వకండి.

వీలైతే అదే దారిలో నడిచినవాళ్లతో మాట్లాడించండి. మొదటిసారి సూది గుచ్చేముందు ఉండే టెన్షన్‌కి, ఏళ్లుగా డయాలసిస్‌లో ఉన్న మనిషి చెప్పే ధైర్యం వేరు. యూనిట్‌లో నర్సుని అడిగితే అలాంటివాళ్లను పరిచయం చేయగలరు. మందుల సంగతి మాత్రం డాక్టరుతోనే తేల్చుకోవాలి.