పక్కపిల్లతో మాట్లాడనివ్వు

చిట్టీ,

ఏం అడిగినా ముందు బెంచీలో ఆ నలుగురే చెబుతున్నారు, మిగతావాళ్లు నోరే విప్పడం లేదు మామయ్యా అని రాశావు. ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పాను, మొదట్లో నా క్లాసూ అంతే. వాళ్లకు రాక కాదమ్మా, నలభైమందిలో తప్పు చెబితే నవ్వుతారని భయం. పక్కవాడితో అయితే ఆ టెన్షన్ ఉండదు.

అందుకని ప్రశ్న అడగ్గానే చేతులెత్తమనకు. అర నిమిషం ఎవరికి వాళ్లు ఆలోచించి నోటుబుక్కులో రాసుకోవాలి, తర్వాత ఇద్దరిద్దరూ మాట్లాడుకోవాలి, ఆ తర్వాతే అందరికీ చెప్పడం. 1981లో ఫ్రాంక్ లైమన్ అనే అమెరికా ఆయన చెప్పిన థింక్-పెయిర్-షేర్ ఇదే, బీఎడ్‌లో చదివే ఉంటావు. అందరూ ఎగ్గొట్టేది ఆ మొదటి అర నిమిషాన్నే. ప్రశ్న వేశాక టీచర్లు సగటున ఒక్క సెకను ఆగడమే గగనమని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవవుతాయని మేరీ బడ్ రో అనే ఆవిడ ఎప్పుడో 1970లలోనే చూపించింది.

ప్రశ్నలో కూడా పస ఉండాలి. ఒకసారి ఆరో తరగతిలో మూడోవంతు పెద్దదా, నాలుగోవంతు పెద్దదా అన్నాను. ఎప్పుడూ గోడవారగా కూర్చునే ఓ పాప, మూడుకంటే నాలుగు పెద్దది కదా అని నాలుగోవంతే రాసుకుంది. పక్కపిల్ల అది చూసి, "ఒక్క రొట్టె ముగ్గురు పంచుకుంటే నీకెక్కువొస్తుందా, నలుగురు పంచుకుంటేనా?" అంది. ఈ పాప వేలితో బెంచీ మీద గుండ్రంగా గీసింది, ముక్కలు చేసింది, మళ్లీ గీసింది, చివరికి తను రాసుకున్నదాన్ని కొట్టేసింది. అదే మాట నేను ఎన్నిసార్లు చెప్పానో!

జతలు నువ్వే కుదుర్చు. బాగా చురుకైన పిల్లను బాగా వెనకబడ్డ పిల్లతో వేశావంటే ఒకరు చెప్పడం, ఇంకొకరు తలూపడం. ఒక నిమిషం ఒకరు మాట్లాడాలి, తర్వాత నువ్వు చప్పట్లు కొట్టగానే రెండోవాళ్లు. తండా పిల్లలు లంబాడీలో మాట్లాడుకుంటే అస్సలు ఆపకు, ఆలోచన వాళ్ల భాషలోనే ముందు కుదురుకుంటుంది. అయ్యాక "నువ్వేమన్నావు" అని అడగొద్దు, "నీ పక్కమ్మాయి ఏమంది?" అని అడుగు, రెండోరోజుకే ఎంత శ్రద్ధగా వింటారో చూడు.

గోలవుతుంది, కానీ పని జరిగే గోల అది. హెచ్ఎం గారికి ముందే ఒక మాట చెప్పి ఉంచు. ఆ రెండు నిమిషాలు నువ్వు బోర్డు దగ్గర ఉండకు, బెంచీల మధ్య తిరుగుతూ వంగి విను.

రేపు ఒక్క పీరియడ్‌లో ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టు. ఏం ప్రశ్న వేశావో, ఆ వెనకబెంచీ వాళ్లు ఏమన్నారో రాత్రికి ఫోన్ చేసి చెప్పు.

మీ మామయ్య