భయం పోలేదండీ, ఆయమ్మ వచ్చింది

దేవుడు నన్నొక పనికి పిలుస్తున్నాడని తెలుస్తోంది కానీ భయంతో కాలు కదలట్లేదు, ఉపవాసముండి ప్రార్థన చేసినా పోవట్లేదు, విశ్వాసంతో భయాన్ని జయించి ఆ పనిలోకి వెళ్ళినవాళ్ళుంటే చెప్పండి అని మీరు అడిగారు. జయించినవాళ్ళ లిస్టులో నేను లేను, ముందే చెప్తున్నా. స్టాఫ్ నర్సుని, పదకొండేళ్ళ సర్వీసు, ఇప్పటికీ శవం దగ్గరికి వెళ్ళేముందు కడుపులో తిప్పుతుంది. కానీ వెళ్తా. ఎలా వెళ్ళగలుగుతున్నానో అదొక్కటే నాకు తెలుసు, అదే రాస్తా, కాస్త పొడుగవుద్ది.

మాది గుంటూరు దగ్గర పల్లె, లూథరన్ క్రైస్తవ సంఘం. నాకు తొమ్మిదేళ్ళప్పుడు తాతయ్య పోయాడు. మే నెల, హైదరాబాదు నుంచి బాబాయి రావాలని రాత్రంతా వాకిట్లోనే ఉంచారు, కింద ఐసు దిమ్మలు, మీద తెల్లదుప్పటి, చుట్టూ కూర్చుని తెల్లారేదాకా కీర్తనలు పాడుతూనే ఉన్నారు. పెట్టెలో పెట్టేముందు ఎవరో నన్ను రెక్కపట్టుకుని లాక్కెళ్ళి తాత కాళ్ళకి దణ్ణం పెట్టమ్మా అని మెడ వంచారు. చేతికి తగిలిన ఆ చల్లదనం ఉందే, ఫ్రిజ్‌లో సీసా ముట్టుకున్నప్పుడల్లా అదే గుర్తొచ్చేది, అందుకని ఇంటర్ అయ్యేదాకా కుండ నీళ్ళే తాగా. ఎందుకో ఇంట్లో ఎవరికీ చెప్పలా.

అలాంటిదానివి నర్సింగ్‌కి ఎలా పోయావే అంటారేమో. ఇంటర్ బైపీసీ సెకండియర్లో ఉండగా నానమ్మకి పక్షవాతం వచ్చి పది నెలలు మంచం పట్టింది. వీపు మీద పుండ్లు పడ్డాయి, రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలని చెప్తే రాత్రుళ్ళు అలారం పెట్టుకుని లేచి తిప్పేదాన్ని, పుండు కడిగి కట్టు మార్చేదాన్ని. అమ్మకి వాంతొచ్చేది, నాకు రాలా. పుండు అంచుల్లో ఎర్రగా కొత్త కండ పడుతుంటే పరీక్షల్లో ఫస్టు వచ్చినంత సంబరం. దర్శనం రాలేదు, స్వరం వినపళ్ళేదు, ప్రార్థనకి కూర్చుంటే మాత్రం ఈ పనే కళ్ళ ముందుకొచ్చేది. మా దగ్గర పిలుపు అంటే మైకు పట్టుకుని వాక్యం చెప్పడమే అనుకుంటారు, పుండ్లు కడగడం కూడా పిలుపేనా అని అడగడానికి నాకు సిగ్గేసింది.

నానమ్మే అడ్డుపడకుండా పంపించింది. మాట ముద్దగా వచ్చేది, అయినా నేను పుట్టింది కుగ్లరమ్మ ఆసుపత్రిలోనే కదే అనేది. అమెరికా నుంచి 1883లో గుంటూరు వచ్చిన డాక్టరమ్మ అన్నా కుగ్లర్ గారు. చదివింది వైద్యం, మిషన్ వాళ్ళు మొదట అప్పగించింది మాత్రం ఆడవాళ్ళకీ పిల్లలకీ చదువు చెప్పే పని. ఆవిడ అది చేస్తూనే వచ్చిన రోగుల్ని చూసుకుంటూ పోయారు, ఆసుపత్రి తెరిచేసరికి 1898 అయింది, అంటే పదిహేనేళ్ళు. మనం వారం ఉపవాసముండి జవాబు రాలేదని దిగులుపడతాం. చుట్టాలేమో నర్సు పిల్లని ఎవడు చేసుకుంటాడు అన్నారు, అది వేరే కథ, వదిలేద్దాం.

డిసెంబర్ 31 రాత్రి ఆరాధన అయ్యాక మనందరికీ వాగ్దానం కార్డులు, అంటే కొత్త ఏడాదికని బైబిలు వాక్యం రాసిన కార్డులు తీసే అలవాటుంది కదా, ఆ ఏడు నాకు యెషయా 41:10 వచ్చింది, భయపడకుము అని. ఇంకేముంది, భయం తీసేశాడు దేవుడు అని కార్డు ల్యామినేషన్ చేయించి హాస్టల్ ట్రంకుపెట్టెలో లోపలివైపు అంటించా. అనాటమీ క్లాసులో అస్థిపంజరం చూసే పడిపోయా. అది ప్లాస్టిక్‌ది.

రెండో ఏడాది మెడికల్ వార్డు, నైట్ పోస్టింగ్. రాత్రి రెండున్నరకి ఒక పెద్దాయన పోయారు. సీనియర్ వేరే బెడ్ దగ్గర ఉండి నువ్వు మొదలుపెట్టు అంది. కళ్ళు మూయాలి, దవడ కింద నుంచి తల మీదికి గాజ్ గుడ్డ బ్యాండేజీ కట్టాలి, కాలి బొటనవేళ్ళు కలిపి కట్టాలి, ఒళ్ళు తుడవాలి, అన్నీ నోట్సులో రాసుకున్నవే. బ్యాండేజీ చుట్ట చేతిలో పట్టుకుని బాత్రూంలోకి పోయి గడియ పెట్టుకున్నా. 23వ కీర్తన చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చు, ఆ రాత్రి గాఢాంధకారపు లోయ దగ్గరికొచ్చి ఆగిపోయింది, మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టడం మళ్ళీ అక్కడే ఆగడం. పొద్దున మేడం అందరి ముందూ కడిగేశారు. నేను బ్యాగు సర్దుకుని ఇంటికొచ్చేశా.

ఇంట్లో మూడు వారాలు. మీకు ఎక్కువ పనికొచ్చేది ఈ మూడు వారాల ముచ్చటే అనుకుంటా. ఇది పిరికితనపు ఆత్మ అన్నారు, దేవుడు మనకిచ్చింది పిరికితనపు ఆత్మ కాదు అనే 2 తిమోతి 1:7 రోజుకి నలుగురు నాకు చదివి వినిపించారు, తల మీద చేతులేసి గట్టిగా ప్రార్థన చేశారు, నూనె రాశారు. వాళ్ళ ప్రేమని తప్పుపట్టను, నిజంగానే ఏడ్చి ప్రార్థన చేశారు. కానీ భయం పోలా, పైగా నాకు విశ్వాసం లేదేమో అని ఇంకో భయం పట్టుకుంది. ఇలా భయపడేవాళ్ళని భయపడుతున్నందుకు భయపెట్టడం మన సంఘాల్లో మామూలైపోయింది, నాకు ఇప్పటికీ దీనిమీద కోపమే.

పాస్టరమ్మ గారు మాత్రం ప్రార్థన చెయ్యలేదు. ఒక సాయంత్రం చిక్కుళ్ళు తెచ్చి వలుస్తూ కూర్చుని, బైబిల్లో నిర్గమకాండం 3, 4 అధ్యాయాలు పైకి చదువమ్మాయ్, నాకు కళ్ళజోడు లేదు అన్నారు. చదివా. ఐగుప్తులో బానిసలుగా ఉన్న తన జనాన్ని విడిపించి తీసుకురా అని దేవుడు పిలిస్తే మోషే ఒక్కసారి కాదు, ఐదు సార్లు సాకులు చెప్తాడు, నేనెంతటివాణ్ణి, వాళ్ళు నమ్మరు, నోటి మాంద్యం నాలుక మాంద్యం ఉంది, ఆఖరికి వేరే ఎవర్నైనా పంపు స్వామీ అంటాడు. దేవుడికి కోపం కూడా వస్తుంది. అప్పుడు ఆవిడ అడిగారు, మరి నోరు బాగుచేశాడా అని. వెతికా. ఎక్కడా లేదండీ. మాంద్యం పోయిందని ఒక్క మాట లేదు. నీ అన్న అహరోను ఉన్నాడుగా, అదుగో నీకు ఎదురొస్తున్నాడు అంటాడు. అంటే మోషే ఇక్కడ నేను పోనని పట్టుబట్టేసరికే అహరోను అక్కడ బయల్దేరి ఉన్నాడన్నమాట. వయసెంతో చూడు అన్నారు, 7వ అధ్యాయంలో ఉంది, మోషేకి 80, అన్నకి 83. ఆవిడ చిక్కుళ్ళ బుట్ట తీసుకుని వెళ్ళిపోయారు, వ్యాఖ్యానం ఏమీ చెప్పలేదు.

ఆ రాత్రి నా ప్రార్థన మారింది. భయం తీసెయ్ అని అడగటం మానేసి, ఒక మనిషిని ఇవ్వు అన్నా.

వెనక్కి వెళ్ళా, నాన్న మేడంతో మాట్లాడి బతిమాలుకున్నాడు. అదే వార్డు, అదే నైట్. ఆ వార్డులో ఒక ఆయమ్మ, రిటైర్మెంటుకి రెండేళ్ళుంది, నుదుటి మీద రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు, శుక్రవారం వస్తే తలస్నానం చేసి గుడికి పోయిగానీ డ్యూటీకి రాదు. ఎన్నో ఏళ్ళుగా అక్కడే ఉంది, నేనే ఎప్పుడూ సరిగా చూడలా. మళ్ళీ ఒకాయన పోయారు, నేను గోడకి ఆనుకుని నిలబడిపోయా. ఆవిడ బేసిన్లో గోరువెచ్చటి నీళ్ళు తెచ్చి స్టూలు మీద పెట్టింది.

"ఏందమ్మాయ్, ఆయన నిన్నేం చేస్తాడు? సాయంత్రం దాకా నిన్ను మంచినీళ్ళడిగిన మనిషేగా. రా, ముందు మొహం తుడువు."

నిజమే, ఆరింటికి స్పూనుతో నీళ్ళు పట్టింది నేనే. ఆయమ్మ నా చెయ్యి కింద తన చెయ్యి పెట్టింది, ఇద్దరం కలిసి తుడిచాం. గడ్డం మీద రెండ్రోజుల మాసిన గడ్డం గరుకుగా తగిలింది, ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది. తాతయ్య కాళ్ళు అంత చల్లగా ఉన్నది ఐసు వల్లని, ఆ వాకిట్లో నుంచి బయటికి రావడానికి నాకు అన్నేళ్ళు పట్టింది. ఆవిడ పని చేస్తున్నంతసేపూ ఆయనతో మాట్లాడుతూనే ఉంది, అయిపోయింది పెద్దాయనా, ఇంక చెయ్యి తిప్పుతున్నాం, అని. నేనూ ఇప్పటికీ అలాగే మాట్లాడతా.

బొట్టు పెట్టుకున్నావిడ నీ అహరోను ఎట్లా అవుద్ది అని, నేను సంఘంలో ఈ సంగతి సాక్ష్యంగా చెప్పిన రోజు ఒకాయన అడిగారు. ఏలీయా ప్రవక్తకి కాకుల చేత రొట్టె పంపిన దేవుడికి మనిషిని పంపడానికి మన సభ్యత్వం రిజిస్టరు కావాలా అన్నా, కాస్త పొగరుగానే అన్నా లెండి.

2021 మే నెలలో, కోవిడ్ అప్పుడు, మళ్ళీ పాత స్థితికొచ్చా, ఈసారి నాకేమవుద్దో, ఇంట్లో చంటిపిల్లకి అంటిస్తానేమో అని. పీపీఈ కిట్ వేసుకుంటుంటే చేతులు వణికి జిప్పు పడేది కాదు. అప్పటికి ఆయమ్మ రిటైరై ఊళ్ళో ఉంది, డ్యూటీకి పోయేముందు ఫోన్ చేసేదాన్ని, తిన్నావా అని అడిగేది, అంతే, పెట్టేసేది. జిప్పు మాత్రం పక్క సిస్టర్ వేసేది.

కాబట్టి మీకు నేను చెప్పగలిగింది చిన్నది. భయం పోయాక వెళ్దాం అని ఆగకండి, నాకైతే ఇప్పటికీ పోలా. ఎవర్ని పెట్టావు అని అడగండి, అడిగాక చుట్టూ చూడండి, మీరనుకున్న మనిషి కాకపోవచ్చు. ఇంకోటి, నిద్ర లేకుండా తిండి మానేసి నిర్ణయాలు తీసుకోవద్దు, 1 రాజులు 19లో చచ్చిపోతానన్న ఏలీయాకి దేవదూత ముందు చేసింది బోధ కాదు, లేపి తిండి పెట్టడం, మళ్ళీ పడుకోనివ్వడం. గుండె దడ, నిద్ర పట్టకపోవడం నెలల తరబడి ఉంటే డాక్టరుకి చూపించుకోండి, నర్సుగా చెప్తున్నా, అది విశ్వాసం తక్కువై కాదు.

మీరు పిలుపు ఏంటో రాశారు, ఊళ్ళో పిల్లలకి సాయంత్రం బడి పెట్టాలని. భయం దేనికో మాత్రం రాయలేదు, డబ్బులా, నలుగురిలో మాట్లాడటమా, ఇంట్లోవాళ్ళా? అది రాయండి. నాకివాళ నైట్ డ్యూటీ ఉంది, పొద్దున వచ్చి చూస్తా.