చెల్లి నెక్లెస్‌కి కార్డు గీకే ముందు

చిన్నోడా,

వచ్చే మాఘంలో చెల్లి పెళ్లికి నెక్లెస్ ఇప్పుడే కొనేస్తానంటున్నావట, రెండు లక్షలూ క్రెడిట్ కార్డు మీదే. మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. బంగారం రేటు ఇంకా పెరిగిపోతుందని నీ టెన్షన్. పెళ్లికి ఏడాది టైముంది కదరా! నెలకి 18 వేల చొప్పున నగల షాపులో 11 నెలల స్కీమ్ కట్టు.

కార్డు రుచి నేనూ చూశాను. అప్పట్లో 40 వేలు పెట్టి ఫ్రిజ్ కొన్నాను. బిల్లులో 'మినిమం డ్యూ 2,000' అని కనబడితే, ఇంతే కదా అని అదే కట్టాను. తర్వాతి స్టేట్‌మెంట్ చూస్తే 1,400 వడ్డీకి, 252 ఆ వడ్డీ మీద జీఎస్టీకి పోయాయి. అసలులో తగ్గింది 348 రూపాయలు! ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీ తీసుకునేవాణ్ని చూసి రక్తం తాగుతాడంటాం, ఇది మూడున్నర. పైగా పాత బాకీ ఉన్నంతకాలం, కొత్తగా కొన్న పాల ప్యాకెట్ మీద కూడా కొన్న రోజు నుంచే వడ్డీ. నీ నెక్లెస్ నా ఫ్రిజ్‌కి ఐదు రెట్లు, లెక్క నువ్వే వేసుకో.

స్కీముల్లో రెండు రకాలుంటాయి. ఒకదాంట్లో డబ్బు డబ్బుగానే జమవుతుంది, చివర్లో ఆ రోజు రేటుకి నగ ఇస్తారు. రెండోదాంట్లో నువ్వు కట్టిన రోజు రేటుకి ఎన్ని గ్రాములొస్తే అన్ని గ్రాములు పాస్‌బుక్‌లో రాస్తారు. నీకు రేటు భయం కాబట్టి రెండోదే తీసుకో. రేటు ఆగకుండా పెరుగుతూ పోతే ఇవాళ కొన్నదానికన్నా గ్రాములు తగ్గుతాయి, కాదనను. కానీ రేటు పడిన నెలలో ఎక్కువొస్తాయి. నెత్తిన బాకీ ఉండదు.

అసలు లాభం తరుగు దగ్గర, అదే నగ తయారీలో పోయిందని షాపువాళ్లు లెక్కేసే బంగారం. చాలా షాపులు స్కీమ్ వాళ్లకి ఇంత శాతం దాకా తరుగు లేదంటాయి. ఆ 'ఇంత' ఎంతో కాగితం మీద చూపించమను. 18 శాతం దాకా మాఫీ అనుకో, నీకు నచ్చిన 10 గ్రాముల నెక్లెస్‌కి తరుగు 22 శాతం ఉంటే, మిగతా నాలుగు శాతం, అంటే 0.4 గ్రాము, నువ్వే కట్టాలి. రాళ్ల ఖరీదు, మూడు శాతం జీఎస్టీ ఎలాగూ అదనం. ఒక నెల తప్పితే మాఫీ పోతుందా, నగ వద్దనుకుంటే డబ్బు వెనక్కిస్తారా అని కూడా అడుగు. చాలాచోట్ల ఇవ్వరు.

బ్యాంకులో నెలనెలా ఆర్డీ కట్టుకోవచ్చు కదా అంటావేమో. కట్టొచ్చు, వడ్డీ కూడా వస్తుంది. కానీ బైకు కోసం వేసిన ఆర్డీని గోవా ట్రిప్‌కి విరగ్గొట్టింది ఎవరు? షాపువాడు డబ్బు వెనక్కివ్వకపోవడం నీలాంటి వాడికి మంచిదే.

ఒక్క భయం మాత్రం ఉంది. బ్యాంకు డిపాజిట్‌కి 5 లక్షల దాకా బీమా ఉంది, నగల షాపులో కట్టిన డబ్బుకి లేదు. మా పక్కవీధిలో నగల షాపాయన స్కీమ్ కట్టినవాళ్లకి అందరికన్నా ఎక్కువ బోనస్ ఇస్తానంటే చేరాను. ఎనిమిదో నెల కట్టడానికి వెళ్తే షట్టర్ దించేసి ఉంది. ఏడు రబ్బరు స్టాంపులున్న ఆ పాస్‌బుక్ ఇంకా నా బీరువాలో చీరల కింద ఉంది. మీ మామయ్య కంటపడకుండా దాచుకున్నాను. అందుకే బోనస్ ఎక్కువన్నవాడి దగ్గరికి పోకు. ఏళ్ల తరబడి ఉన్న షాపు చూడు. సరుకు కోసం కట్టిన అడ్వాన్సుని 365 రోజుల్లోపు సరుకుగా ఇవ్వకపోతే కంపెనీల చట్టం దాన్ని డిపాజిట్ కింద లెక్కేస్తుంది, అందుకే పద్ధతిగా నడిపే కంపెనీలు 11 నెలలకే ముగిస్తాయి. రెండేళ్లు కట్టమంటే లేచి వచ్చేయ్.

నగ తీసుకునే రోజు రాళ్లు తీసేసిన నికర బరువు మీదే బంగారం ధర వేయించు. నగ మీద అక్షరాలూ అంకెలూ కలిపి ఆరుండే హెచ్‌యూఐడీ, అంటే ఆ నగకే సొంతమైన హాల్‌మార్క్ గుర్తింపు నంబరుంటుంది, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడు.

ఆదివారం పొద్దున్నే రా, ఇద్దరం కలిసే వెళ్దాం. మొదటి నెల డబ్బు తీసుకురా, కార్డు మాత్రం ఇంట్లో పెట్టి రా. టిఫిన్ ఇక్కడే, పెసరట్టు వేస్తాను.

మీ అత్తయ్య